పన్నెండు ఫిరంగులు, ఒక కొరడా

యుద్ధనౌకల గురించి చదవడం మొదలుపెడితే మొదట కనబడేది అంకెల పట్టిక. పొడవెంత, బరువెంత, ఫిరంగులెన్ని, ఇనుప కవచం మందమెంత, గంటకి ఎన్ని నాటికల్ మైళ్లు. ఈ పిచ్చి ఉన్నవాళ్లు క్రికెట్ స్కోర్లు చెప్పినట్టు ఈ అంకెలు అప్పజెబుతారు. నాకూ కాస్త ఉంది ఆ పిచ్చి. అందుకని బ్రెజిల్ వాళ్ల మీనాస్ జెరాయిస్ గురించి కూడా ముందు ఆ అంకెలే చెబుతాను. పొడవు 165 మీటర్లు. బరువు దాదాపు 19,000 టన్నులు. ఆరు టరెట్లలో జంటలు జంటలుగా పన్నెండు ఫిరంగులు, ఒక్కోదాని గొట్టం వ్యాసం పన్నెండు అంగుళాలు. 1910 జనవరిలో బ్రెజిల్ చేతికి అందేనాటికి ప్రపంచంలో ఇంతకంటే బలమైన యుద్ధనౌక నీళ్ల మీద లేదని పత్రికలు రాశాయి. ఆ మాటలో అతిశయోక్తి పెద్దగా లేదు.

ఆ పన్నెండు ఫిరంగులు ఏ దేశం మీదికి గురిపెట్టారయ్యా అంటే, వాటికి పేరు తెచ్చిన రోజున అవి గురిపెట్టి ఉన్నది సొంత రాజధాని మీదికే. దానికి కారణం ఒక కొరడా. అంకెల పట్టికలో కొరడాకి గడి ఉండదు గనక ఈ వ్యాసం.

కాస్త వెనక్కి వెళ్దాం. 1906 డిసెంబర్లో బ్రిటన్ వాళ్ల హెచ్.ఎం.ఎస్. డ్రెడ్‌నాట్ నౌకాదళంలో చేరింది. పది పెద్ద ఫిరంగులు, టర్బైన్ ఇంజన్లు. దాని ముందు అప్పటిదాకా కట్టిన యుద్ధనౌకలన్నీ ఒక్కసారిగా పాతవైపోయాయి. బ్రెజిల్ అప్పటికే బ్రిటన్‌లో మూడు చిన్న యుద్ధనౌకలకి ఆర్డర్ ఇచ్చి ఉంది. కొత్తగా వచ్చిన నౌకాదళ మంత్రి అలెశాండ్రీనో ద అలెంకార్ ఆ ఆర్డర్ మార్పించి, కడితే డ్రెడ్‌నాట్లే కట్టాలన్నాడు. (ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.) ఒకటి న్యూకాసిల్ దగ్గర ఎల్స్‌విక్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీకి, రెండోది బారోలో వికర్స్ కంపెనీకి. మొదటిది మీనాస్ జెరాయిస్, రెండోది సావో పాలో. డబ్బెక్కడిదంటే కాఫీ, రబ్బరు. ఆ రోజుల్లో ప్రపంచం తాగే కాఫీలో సింహభాగం బ్రెజిల్‌దే. అమెజాన్ రబ్బరు ధర ఆకాశంలో ఉంది.

ఫ్రాన్స్, రష్యా, జర్మనీల కంటే ముందే ఒక దక్షిణ అమెరికా దేశం డ్రెడ్‌నాట్ కట్టిస్తుందంటే యూరప్‌లో ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. ఇవి నిజంగా బ్రెజిల్‌వి అయ్యుండవనీ, ఎవరో పెద్ద దేశం బ్రెజిల్ పేరు అడ్డం పెట్టుకుని కొంటోందనీ పత్రికలు ఊహాగానాలు చేశాయి. ఒకరు జపాన్ అన్నారు, ఇంకొకరు జర్మనీ అన్నారు. అర్జెంటీనా మటుకు బ్రెజిల్‌దేనని నమ్మి, హడలిపోయి, తనూ రెండిటికి ఆర్డర్ ఇచ్చింది. అది చూసి చిలీ. మా వీధిలో ఒకరు మూడో అంతస్తు వేస్తే పక్కవాళ్లకి నిద్ర పట్టనట్టు! బ్రెజిల్ మూడోదానికి కూడా ఆర్డరిచ్చి, డబ్బు చాలక సగంలో టర్కీకి అమ్మేసింది. 1914 ఆగస్టులో యుద్ధం మొదలవుతూనే చర్చిల్ దాన్ని టర్కీకి ఇవ్వకుండా లాగేసుకున్నాడు. టర్కీ జర్మనీ వైపు మొగ్గడానికి ఆ కోపం కూడా ఒక కారణమంటారు. అది వేరే కథ, దానికి ఇంకో వ్యాసం కావాలి.

మీనాస్ జెరాయిస్ తొలి ప్రయాణం నాకెప్పుడూ వింతగా అనిపిస్తుంది. 1910 జనవరిలో వాషింగ్టన్‌లో బ్రెజిల్ రాయబారి జోవాకిమ్ నబూకో చనిపోయాడు. నబూకో అంటే బ్రెజిల్‌లో బానిసత్వ నిర్మూలన ఉద్యమానికి గొంతు. అతని శవపేటికని అమెరికన్ క్రూజర్ నార్త్ కరోలినా రియోకి తీసుకెళ్తుంటే, కొత్త డ్రెడ్‌నాట్ పక్కనే కాపుగా వెళ్లింది. మార్చి 17న బయల్దేరి ఏప్రిల్ 17కి రియో రేవు చేరాయి. బానిసల విముక్తి కోసం బతుకంతా పోరాడిన మనిషికి తోడుగా వెళ్లిన ఆ ఓడ డెక్కు మీద నావికులకి కొరడా దెబ్బలు చట్టబద్ధం.

బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దు చేసింది 1888 మే 13న. అమెరికా ఖండాల్లో అన్ని దేశాల కంటే ఆఖరున. మరుసటి ఏడాది నవంబర్ 15న చక్రవర్తిని దించేసి రిపబ్లిక్ వచ్చింది. వచ్చిన మర్నాడే నౌకాదళంలో కొరడా శిక్ష రద్దని ప్రకటించింది. బాగానే ఉందనుకునేలోపు అధికారులు గోల పెట్టారు. కొరడా లేకపోతే వీళ్లు మాట వింటారా అని. 1890లో చడీచప్పుడు లేకుండా శిక్ష తిరిగొచ్చింది, ఇరవైఐదు దెబ్బలకు మించకూడదన్న నిబంధనతో. ఆ 'మించకూడదు' ఎవరు లెక్కపెట్టారు గనక?

కొట్టేవాళ్లెవరు, తినేవాళ్లెవరు అన్నది చూస్తే ఆ గోల అర్థమవుతుంది. అధికారులు దాదాపు అందరూ తెల్లవాళ్లు, పెద్దింటి పిల్లలు. కింది నావికుల్లో నల్లవాళ్లు, మిశ్రమ జాతివాళ్లు పదిమందిలో ఎనిమిది మంది ఉంటారని 1911లో ఒక నౌకాదళ అధికారి పేరు చెప్పకుండా అచ్చువేసిన పుస్తకంలో లెక్కగట్టాడు. వాళ్లలో ఇష్టపడి చేరినవాళ్లు తక్కువ. వీధిలో పోలీసులు పట్టుకొచ్చి అప్పజెప్పినవాళ్లు, దిక్కులేని పిల్లలు, చిన్నప్పుడే శిక్షణ బడుల్లో చేర్చినవాళ్లు. ఒకసారి ఎక్కితే పది పదిహేనేళ్లు దిగేది లేదు. తోటల్లో మేస్త్రీ చేతిలో ఉన్న కొరడా ఓడ మీదికొచ్చి యూనిఫాం వేసుకుందంతే.

దీన్ని సాహిత్యం ముందే చూసింది. నౌకాదళంలో అధికారిగా పనిచేసి బయటికొచ్చిన అడోల్ఫో కమీన్యా 1895లో 'బోమ్ క్రియోలో' అనే నవల రాశాడు. మొదటి అధ్యాయంలోనే డెక్కు మీద అందరినీ వరసగా నిలబెట్టి నావికుల్ని కొరడాతో కొట్టే దృశ్యం ఉంటుంది. కథానాయకుడు అమారో తోట నుంచి పారిపోయొచ్చిన బానిస. నేవీలో చేరితే తను స్వేచ్ఛాజీవినని నమ్ముతాడు, ఆ నమ్మకాన్ని కొరడా వదలగొడుతుంది. అతనికీ అలెయిషో అనే కుర్ర నావికుడికీ మధ్య ప్రేమ గురించి కమీన్యా ఏ దాపరికం లేకుండా రాశాడు. ఆనాటి విమర్శకులు ఆ ప్రేమని చూసి ముక్కు మూసుకున్నారు. ఇవాళ ఆ నవల్ని లాటిన్ అమెరికాలో స్వలింగ ప్రేమ మీద వచ్చిన తొలి నవలల్లో ఒకటిగా చదువుతున్నాం, మంచిదే. నేను చదివినప్పుడు మాత్రం ఆ మొదటి అధ్యాయం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. తర్వాత పదిహేనేళ్లకి జరగబోయేదంతా అందులో ఉంది.

ఇప్పుడు జోవావ్ కాందిదో. 1880లో బ్రెజిల్ దక్షిణ కొసన రియో గ్రాందె దు సుల్ రాష్ట్రంలో బానిసల ఇంట పుట్టాడు. 1871 నాటి చట్టం ప్రకారం బానిస స్త్రీలకి పుట్టే పిల్లలు బానిసలు కారు గనక కాగితం మీద స్వతంత్రుడు. అతణ్ణి పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో నేవీలో చేర్పించడానికి సిఫారసు చేసిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? పైన గుర్తుంచుకోమన్న అలెశాండ్రీనో ద అలెంకారే. డ్రెడ్‌నాట్లని తెప్పించిందీ ఆయనే, వాటిని పట్టుకున్నవాణ్ణి పంపిందీ ఆయనే. నవల్లో ఇలా రాస్తే 'మరీ కుదిర్చి రాశాడు' అంటాం.

డ్రెడ్‌నాట్‌ని కొంటే సరిపోదు, నడపాలి. తెరచాప ఓడలో తాడు లాగడానికి భుజబలం చాలు. ఇక్కడ బాయిలర్లు, హైడ్రాలిక్ టరెట్లు, విద్యుత్తు, గురి కుదిర్చే పరికరాలు. దాదాపు తొమ్మిది వందల మంది గడియారంలో చక్రాల్లా కలిసి పనిచేస్తే తప్ప కదలదు. అందుకని ఓడ కడుతుండగానే నావికుల్ని ఇంగ్లండ్ పంపారు, జోవావ్ కాందిదో కూడా వెళ్లాడు. టైన్ నది ఒడ్డున నెలల తరబడి ఉండి యంత్రాలు నేర్చుకున్నారు. నేర్చుకున్నది యంత్రాలు ఒక్కటే కాదు. న్యూకాసిల్ అప్పటికి కార్మిక సంఘాల కోట. రేవు పనివాళ్లు జీతం గురించి యజమానితో నిలబడి మాట్లాడటం చూశారు. బ్రిటిష్ నావికులకి కొరడా లేదని చూశారు. 1905లో నల్లసముద్రంలో పురుగులు పట్టిన మాంసం దగ్గర మొదలైన పొటెమ్‌కిన్ తిరుగుబాటు సంగతి విన్నారు.

ఇంకోటి కూడా జరిగింది. ఎన్నికల్లో గెలిచిన ఎర్మెస్ ద ఫోన్సెకా అధ్యక్ష పదవి చేపట్టేముందు యూరప్ తిరుగుతూ, 1910 అక్టోబర్ మొదట్లో సావో పాలో ఓడలో లిస్బన్ చేరాడు. పోర్చుగల్ రాజుకి ఆ ఓడ మీదే మర్యాదలు జరిగాయి. సరిగ్గా అప్పుడే లిస్బన్‌లో విప్లవం వచ్చింది. నదిలో నిలబడ్డ పోర్చుగీసు యుద్ధనౌకలు రాజభవనం మీద గుళ్లు పేల్చాయి, రాజు పారిపోయాడు. సావో పాలో నావికులు అదంతా రేవులోంచి కళ్లారా చూశారు. యుద్ధనౌక చేతిలో ఉంటే ఏం చేయొచ్చో ఇంతకంటే మంచి పాఠం ఉండదు. ఆ పాఠం విన్న తరగతిలోనే వాళ్ల కాబోయే అధ్యక్షుడు కూడా కూచుని ఉన్నాడు. ఆయనకి మాత్రం ఏమీ ఎక్కినట్టు లేదు.

ఫోన్సెకా నవంబర్ 15న పదవిలోకొచ్చాడు. తిరుగుబాటుకి రహస్యంగా సంఘాలు పెట్టుకుని నావికులు అప్పటికే రోజు చూసుకుంటున్నారు. ఇంతలో మీనాస్ జెరాయిస్ మీద మర్సెలీనో రొద్రీగెస్ మెనేజెస్ అనే నావికుడికి, తోటివాణ్ణి గాయపరిచాడన్న నేరం మీద శిక్ష పడింది. సిబ్బందినంతా నిలబెట్టి, డప్పు మోగిస్తూ కొట్టారు. చట్టం చెప్పింది ఇరవైఐదు. కొట్టింది రెండు వందల యాభై. స్పృహ తప్పాక కూడా ఆపలేదు. దాంతో అనుకున్న రోజు ఇంకా ముందుకి జరిగింది.

నవంబర్ 22 రాత్రి మీనాస్ జెరాయిస్ కెప్టెన్ బతీస్తా దాస్ నేవెస్ రేవులో ఉన్న ఒక ఫ్రెంచ్ క్రూజర్ మీద విందుకెళ్లి తిరిగొచ్చాడు. పది గంటలకి మామూలుగా నిద్రకి బూర ఊదాలి. ఆ రాత్రి యుద్ధానికి ఊదారని జోవావ్ కాందిదో తర్వాత చెప్పాడు. కెప్టెన్ కత్తి దూసి ఎదురు నిలబడి చనిపోయాడు. మరికొందరు అధికారులు, వాళ్ల పక్షాన నిలిచిన కొందరు నావికులు చనిపోయారు. చచ్చిపోయినవాళ్లు కూడా మనుషులే, నెత్తురు పారని తిరుగుబాటుగా దీన్ని చెప్పలేం. అర్ధరాత్రి లోపు సావో పాలో, కొత్త క్రూజర్ బయియా, పాత తీర రక్షణ నౌక దెయొదోరో కూడా తిరుగుబాటుదార్ల చేతికొచ్చాయి. నాలుగు ఓడలు, రెండు వేలకి పైగా మనుషులు. స్తంభాల మీద ఎర్రజెండాలు ఎక్కాయి. ఫిరంగులు ఊరి వైపు తిరిగాయి.

కాల్చినవి కొన్ని గుళ్లే. అందులో ఒకటి కాస్తెలో గుట్ట మీద పేదల ఇళ్ల మధ్య పడి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఈ సంగతిని తిరుగుబాటుని పొగిడేవాళ్లు ఒక్క వాక్యంలో దాటేస్తారు, తిట్టేవాళ్లు దీని దగ్గరే ఆగిపోతారు. ఆ గుట్ట కూడా ఇప్పుడు లేదు, 1920ల్లో నగరాన్ని 'అందంగా' చేస్తామని తవ్వి చదును చేసేశారు.

తెల్లారి ప్రభుత్వానికి ఉత్తరం అందింది. నాకు తెలిసి ఇలాంటి సందర్భంలో పుట్టిన పత్రాల్లో ఇంత పొదుపైనది ఇంకోటి లేదు. రిపబ్లిక్ వచ్చి ఇరవై ఏళ్లయినా నావికులకి పౌరుడి హక్కు దక్కలేదని, నేవీలో బానిసత్వాన్ని ఇక భరించలేమని మొదలవుతుంది. తర్వాత కోర్కెలు. చేతకాని అధికారుల్ని తీసేయండి. కొరడా, బెత్తం లాంటి శిక్షలు ఆపండి. జీతం పెంచండి. రోజుకి ఎంత పనో ఒక పట్టిక వేసి అమలు చేయండి. యూనిఫాం గౌరవం నిలబెట్టగలిగే చదువు లేని నావికులకి చదువు చెప్పండి. జవాబుకి పన్నెండు గంటల గడువు. లేకపోతే ఊరు ఉండదు.

చదువు చెప్పమన్న కోర్కె దగ్గర నేను ప్రతిసారీ తడబడతాను. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిరంగులు చేతిలో పెట్టుకుని, రాజధాని గుండె మీద గురిపెట్టి, అడుగుతున్నది బడి. రాజు తల అడగలేదు, ఖజానా అడగలేదు.

ఆ నాలుగు రోజులూ రియో జనం మేడలెక్కి, సముద్రం ఒడ్డున గుంపులు కట్టి చూశారు. డబ్బున్నవాళ్లు రైలెక్కి కొండల మీది పెత్రోపోలిస్‌కి పారిపోయారు. తర్వాత బ్రెజిల్ ఆధునిక కవిత్వానికి పెద్ద దిక్కయిన ఓస్వాల్ద్ ద అంద్రాదె అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు, రియోలోనే ఉండి ఆ ఓడల్ని చూశాడు. ఆయన ఆత్మకథలో ఆ రాత్రి ఉంటుంది. చూసినవాళ్లందరినీ ఆశ్చర్యపరిచింది ఒకటే. అధికారులు ఒక్కరూ లేకుండా ఆ నల్ల నావికులు అంతటి ఓడల్ని ఇరుకు రేవులో అవలీలగా తిప్పుతున్నారు. సాయంత్రానికి సముద్రంలోకి వెళ్లి, పొద్దున్నే వరస తప్పకుండా తిరిగొస్తున్నారు. ఓడలో మద్యమంతా సముద్రంలో పారబోయమని జోవావ్ కాందిదో ఆజ్ఞ ఇచ్చాడు. రోజువారీ డ్రిల్లు ఆపలేదు. ఓడలో ఉన్న బ్రిటిష్ ఇంజనీర్లకి ఏ హానీ జరగలేదు. కొరడా లేకపోతే క్రమశిక్షణ ఉండదన్న వాదానికి ఇంతకంటే సమాధానం ఏముంటుంది? పత్రికలు అతన్ని 'నల్ల అడ్మిరల్' అనడం మొదలుపెట్టాయి.

ప్రభుత్వం తరఫున మాట్లాడటానికి వెళ్లింది జోజె కార్లోస్ ద కర్వాల్యో. పార్లమెంటు సభ్యుడు, తనూ ఒకప్పటి నౌకాదళ అధికారే. నావికులు ఆయనకి మెనేజెస్ వీపు చూపించారు. ఆయన సభకి తిరిగొచ్చి, ఆ వీపు ఉప్పు పెట్టడానికి గాట్లు పెట్టిన చేపలా ఉందని చెప్పాడు. ఉపన్యాసాలకి అలవాటుపడ్డ సభ ఆ మాటకి కాసేపు నోరు మెదపలేదంటే నమ్ముతాను. సెనేట్‌లో రుయి బర్బోజా, మొన్నటి ఎన్నికల్లో ఫోన్సెకా చేతిలో ఓడినవాడు, క్షమాభిక్ష కోసం వాదించాడు. మరోపక్క నేవీ అధికారులు టార్పెడోలతో ఎదురుదాడికి ప్రయత్నించారు గానీ సరంజామా సమయానికి కూడలేదు. ఒకవేళ కూడినా, దేశం అప్పుచేసి కొన్న కొత్త ఓడల్ని తామే ముంచాలి! నవంబర్ 25న క్షమాభిక్ష చట్టం పాసయింది, కొరడా పోతుందని మాట ఇచ్చారు. 26న ఎర్రజెండాలు దిగాయి.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. రెండ్రోజులకే, 28న, క్రమశిక్షణకి పనికిరాడనిపించిన నావికుణ్ణి విచారణ లేకుండా తీసేయొచ్చని డిక్రీ వచ్చింది. డిసెంబర్ 9 రాత్రి రేవులోని పాముల దీవి, అంటే ఇల్యా దాస్ కోబ్రాస్ మీద మెరైన్ల దళం తిరగబడింది. ఎందుకు తిరగబడ్డారో ఇప్పటికీ స్పష్టంగా చెప్పేవాళ్లు లేరు. ప్రభుత్వానికి అది అడగకుండా దొరికిన వరం. దీవిని ఫిరంగులతో నేలమట్టం చేసి, ఎమర్జెన్సీ ప్రకటించింది. జోవావ్ కాందిదో ఈ రెండో తిరుగుబాటుకి ఒప్పుకోలేదు, ప్రభుత్వం పక్షానే నిలబడ్డాడు. నిలబడి లాభం లేకపోయింది. అతన్నీ, మిగిలినవాళ్లనీ అరెస్టు చేశారు. వెయ్యిమందికి పైగా నావికుల్ని ఉద్యోగాల్లోంచి తీసేశారు. కొన్ని వందల మందిని క్రిస్మస్ నాడు 'సతేలితె' అనే సరుకు ఓడలో కుక్కి అమెజాన్ అడవుల్లోకి, రబ్బరు తోటలకీ టెలిగ్రాఫ్ లైను పనులకీ పంపారు. దారిలో కొందరిని డెక్కు మీదే కాల్చి సముద్రంలో పారేశారు.

క్రిస్మస్ ముందురోజు జోవావ్ కాందిదోని మరో పదిహేడు మందితో కలిపి పాముల దీవిలో రాతిని తొలిచి కట్టిన ఒకే కొట్లో పెట్టారు. శుభ్రం చేయడానికని సున్నం కలిపిన నీళ్లు పోశారు. వేడికి నీళ్లు ఆరిపోయి, సున్నం పొడి గాలిలోకి లేచింది. జైలు అధికారి తాళంచెవి తనతో పట్టుకుని పండక్కి వెళ్లిపోయాడు. లోపల కేకలు కాపలావాళ్లకి వినపడుతూనే ఉన్నాయి. తలుపు తీసేసరికి పద్ధెనిమిది మందిలో పదహారుగురు చనిపోయి ఉన్నారు. బతికింది జోవావ్ కాందిదో, జోవావ్ అవెలీనో అనే సైనికుడు, ఇద్దరే. మరణ ధ్రువపత్రాల్లో కారణం 'వడదెబ్బ' అని రాశారు. సూర్యుడు కనపడని కొట్లో వడదెబ్బ. ఆ అధికారిని కోర్ట్ మార్షల్ నిర్దోషి అంది.

చచ్చిపోతున్నవాళ్ల మూలుగులు తర్వాత కూడా వినిపించేవని జోవావ్ కాందిదో చెప్పాడు. 1911లో అతన్ని పిచ్చాసుపత్రికి పంపారు. డాక్టర్లు చూసి పిచ్చి లేదన్నారు, మళ్లీ జైలుకి తెచ్చారు. 1912 డిసెంబర్లో కోర్టు విడుదల చేసింది. ఉద్యోగం మాత్రం పోయింది.

జైల్లో అతను ఎంబ్రాయిడరీ చేసేవాడు. ఆ కాలపు నావికులకి సూదీదారం కొత్త కాదు, తెరచాప కుట్టే చేతులు. అతను కుట్టిన రెండు తువాళ్లు మీనాస్ జెరాయిస్ రాష్ట్రంలోనే (ఓడకి పేరిచ్చిన రాష్ట్రం, అక్కడి బంగారు గనులు తవ్వింది కూడా బానిసలే) సావో జోవావ్ దెల్ రేయ్ అనే పాత ఊరి మ్యూజియంలో ఉన్నాయి. చరిత్రకారుడు జోజె మురీలో ద కర్వాల్యో వాటి మీద ఒక వ్యాసం రాశాడు. ఒకదాని పేరు 'నావికుడి వీడ్కోలు', లంగరు, కరచాలనం చేస్తున్న రెండు చేతులు. ఇంకోదాని పేరు 'ప్రేమ', అందులో కత్తి దిగిన గుండె, కారే నెత్తుటి చుక్కలు. చుట్టూ పూలు, పిట్టలు. దేశాన్ని నాలుగు రోజులు గడగడలాడించిన మనిషి కొట్లో కూచుని పిట్ట రెక్కకి ఏ రంగు దారం వాడాలా అని ఆలోచించి ఉంటాడు. నాకు ఆ పన్నెండు ఫిరంగుల ఫొటోల కంటే ఆ తువాళ్ల ఫొటోలు చూడటమే ఎక్కువ ఇష్టమైపోయింది.

బయటికొచ్చాక సరుకు ఓడల్లో కొన్నాళ్లు పని దొరికింది, నిలవనివ్వలేదు. చివరికి రియోలో ప్రాసా కీంజె రేవు పక్కన చేపల మార్కెట్లో బుట్టలు దించుతూ, చేపలమ్ముతూ దశాబ్దాలు గడిపాడు. 1930ల్లో కొంతకాలం ఇంటెగ్రలిస్టులతో, అంటే బ్రెజిల్ ఫాసిస్టులతో తిరిగాడు. ఆ మాట తనే 1968లో ఒక మ్యూజియం వాళ్లు రికార్డు చేసిన ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు. వామపక్షం వాళ్లకి ఇది ఇబ్బంది. నాకూ మింగుడుపడదు. కానీ విగ్రహం చేయడానికి వీలుగా బతకాలని ఎవరూ బతకరు కదా. 1969 డిసెంబర్ 6న, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, పేదరికంలోనే పోయాడు.

ఇంతకీ కొరడా? పోయింది. అంతమందిని చంపి, అడవులకి పంపి, క్షమాభిక్షని కాగితం ముక్క చేసిన ప్రభుత్వం కూడా దాన్ని మళ్లీ డెక్కు మీదికి తేలేకపోయింది.

ఓడ కథ తర్వాత చప్పబడిపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ నౌకాదళంతో కలుస్తామంటే, పాతబడిపోయిందని బ్రిటన్ వద్దంది. పదేళ్లు కూడా కాకుండానే! రెండో యుద్ధంలో సాల్వదోర్ రేవులో తేలే కోటలా కూచుంది. 1952లో పదవీ విరమణ. 1954లో ఇటలీకి లాక్కెళ్లి జెనోవాలో తుక్కు చేశారు. చెల్లెలు సావో పాలోని అంతకుముందే తుక్కుకి లాక్కెళ్తుంటే 1951 నవంబర్లో అట్లాంటిక్ తుఫానులో తాడు తెగి, ఓడలో ఉన్న ఎనిమిది మందితో సహా మాయమైంది. మీనాస్ జెరాయిస్ పేరు తర్వాత ఒక విమాన వాహక నౌకకి పెట్టారు. అది మన గుజరాత్‌లో అలంగ్ తీరానికి వచ్చి 2004లో ముక్కలైంది. ఆ ఇనుము ఏ అపార్ట్‌మెంట్ పునాదిలో ఉందో!

ఆ రాత్రి మీనాస్ జెరాయిస్ మీద బాయొనెట్ పోటు తిన్న ఒక కుర్ర అధికారి ఉన్నాడు, పేరు ఆల్వరో అల్బెర్తో. బతికాడు. తర్వాత శాస్త్రవేత్త అయ్యి, అడ్మిరలై, 1951లో బ్రెజిల్ జాతీయ పరిశోధన మండలిని స్థాపించాడు. అక్కడి అణు కార్యక్రమానికి పితామహుడంటారు. బ్రెజిల్ కడుతున్న తొలి అణు జలాంతర్గామికి అతని పేరే. తగినవాడే, అందులో పేచీ లేదు.

జోవావ్ కాందిదో పేరు మీద మాత్రం పేచీ తెగలేదు. ఎద్మార్ మొరెల్ అనే జర్నలిస్టు 1959లో 'కొరడా తిరుగుబాటు' అని పుస్తకం రాసేదాకా ఆ ఘటనకి ఆ పేరే స్థిరపడలేదు. 1964లో సైన్యం అధికారంలోకి రాగానే మొరెల్ రాజకీయ హక్కులు పోయాయి. 1970ల్లో జోవావ్ బోస్కో, అల్దీర్ బ్లాంక్ ఆ మనిషి మీద ఒక సాంబా కడితే, సెన్సారువాళ్లు 'నల్ల అడ్మిరల్' అనడానికి వీల్లేదన్నారు. అడ్మిరల్ తీసేసి 'నావికుడు' అని పెట్టాక ఎలీస్ రెజీనా గొంతులో అది దేశమంతా పాకింది. 2008లో ప్రభుత్వం మరణానంతర క్షమాభిక్ష ఇచ్చింది, అయితే కుటుంబానికి నష్టపరిహారం భాగం కొట్టేసి. అదే ఏడాది అతని విగ్రహాన్ని ప్రాసా కీంజెకి తెచ్చారు, ఒకప్పుడు చేపల బుట్టలు మోసిన చోటికి. ఒక చమురు ట్యాంకరుకి అతని పేరు పెట్టారు, యుద్ధనౌకకి కాదు. జాతి వీరుల పుస్తకంలో పేరు చేర్చే బిల్లు పార్లమెంటులో ఉండగా, 2024లో నౌకాదళాధిపతి ఆ కమిటీకి ఉత్తరం రాశాడు. ఆ తిరుగుబాటు సిగ్గుపడాల్సిన ఘట్టమనీ, అందులో పాల్గొన్నవాళ్లని వీరులనకూడదనీ.